ఇనుప రజను నిండుగా ఉన్నా క్రోమియం దిగకపోతే

ఇనుప రజను నింపిన కాలమ్ గుండా పంపిన వ్యర్థ జలంలో హెక్సావాలెంట్ క్రోమియం (నీటిలో కరిగి ఉండే విషపూరిత రూపం) మొదట్లో చక్కగా తగ్గి, కొన్నాళ్లకు బయటి నీటిలో మళ్లీ కనిపిస్తోందంటే, రజను మార్చడానికి తొందరపడకండి. ముందు లోపలికి వచ్చే నీటి పీహెచ్ కొలవండి. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది దాటవేసే పరీక్ష ఇదే. హెక్సావాలెంట్ క్రోమియాన్ని ఇనుము ట్రైవాలెంట్ క్రోమియంగా (తక్కువ విషపూరిత రూపంగా) మార్చే చర్య పీహెచ్ 2–3 దగ్గర వేగంగా సాగుతుంది, 7 దాటితే బాగా మందగిస్తుంది. పైగా చర్య హైడ్రోజన్ అయాన్లను వాడుకుంటుంది కాబట్టి కాలమ్ లోపల పీహెచ్ ఇంకా పెరుగుతుంది.

తరువాత, మిగిలింది ఏ క్రోమియమో తేల్చుకోండి. హెక్సావాలెంట్ క్రోమియం ఉంటే ఊదా రంగునిచ్చే డైఫినైల్ కార్బజైడ్ కలిపినా ఆ రంగు రాకపోయి, మొత్తం క్రోమియం మాత్రం ఎక్కువగా ఉంటే ఇనుము తన పని చేసినట్టే. ట్రైవాలెంట్ క్రోమియం నీటిలోనే ఉండిపోయింది. పీహెచ్‌ను 8–9కి పెంచి, తేరనిచ్చి, వడకట్టండి.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా ఊదా రంగు వస్తోందంటే, నన్ను పదేపదే ఇబ్బంది పెట్టిన కారణాన్ని అనుమానించండి. చర్యలో పుట్టిన క్రోమియం, ఇనుము హైడ్రాక్సైడ్లు కలిసి ప్రతి రేణువు మీద పొరకట్టి, లోపలి లోహానికి నీటిని అందనివ్వవు. తూకం పెద్దగా తగ్గదు, అయస్కాంతం రేణువులను లాగుతూనే ఉంటుంది, అందుకే ఇనుము కావలసినంత ఉందన్న భ్రమ కలుగుతుంది. నీరు ప్రవేశించే వైపు నుంచి గుప్పెడు రజను తీసి గరుకు కాగితంపై రుద్దితే, గోధుమ రంగు పొర కింద మెరిసే లోహం బయటపడుతుంది. దాన్ని రెండు సమభాగాలు చేసి, ఒక భాగాన్ని మాత్రం విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, రెండింటినీ అదే వ్యర్థ జలంలో ఒకే సమయంపాటు కుదపండి. కడిగిన భాగమే క్రోమియాన్ని తగ్గిస్తే కారణం దొరికినట్టే.

అప్పుడు మొత్తం రజనును అదే ఆమ్లంతో కడగాలి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గాలి బాగా ఆడే చోట, నిప్పుకు దూరంగా ఈ పని చేయండి. కడిగిన నీటిలో క్రోమియం ఉంటుంది, దాన్ని కాలువలోకి వదలకుండా విడిగా శుద్ధి చేయాలి. తడి రజనును గాలికి వదిలితే వెంటనే తుప్పు పడుతుంది, ఆలస్యం చేయకుండా నీటిలో ముంచండి. పొర మళ్లీ త్వరగా కట్టకుండా లోపలికి వచ్చే నీటి పీహెచ్‌ను తక్కువగా ఉంచి, కాల్షియం, బైకార్బొనేట్లను ముందే తగ్గించండి. పీహెచ్ మరీ దించితే ఇనుము వృథాగా కరిగిపోతుంది. రేణువులు రాయిలా గడ్డకట్టి ఉంటే మాత్రం మార్చక తప్పదు.

నీరు ఒకే దారిన జారిపోవడం, నైట్రేట్లు ఇనుమును తినేయడం అరుదు, చివరగా చూడండి. నీటిలో జింక్ తగ్గలేదని మాత్రం రజనును కడగకండి. జింక్ ప్రమాణ పొటెన్షియల్ (ఎంత రుణాత్మకమైతే ఆ లోహం అంత తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుతుంది) −0.76 వోల్టులు, ఇనుముది −0.44 వోల్టులు, కాబట్టి ఎంత శుభ్రమైన ఇనుమైనా దాన్ని లోహంగా మార్చలేదు.