న్యూట్రినో ఫ్లక్స్ లెక్క కుదరకపోతే ఎక్కడ వెతకాలి?

తిరుపతిలో మా దగ్గర ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ పిల్లలు డేటానీ సిమ్యులేషన్‌నీ ఒకే గ్రాఫ్‌లో వేసి, "సార్, కలవట్లేదు" అంటూ వస్తారు. కంగారుపడి ఫ్లక్స్‌ని, అంటే బీమ్‌లో వచ్చే న్యూట్రినోల లెక్కని, మార్చేయకండి. గ్రాఫ్ ఏ తీరున తప్పిందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య: అన్ని శక్తుల దగ్గరా డేటా ఒకేలా తక్కువ

ముందు పీఓటీ చూడండి, అంటే టార్గెట్‌పై పడిన ప్రోటాన్ల లెక్క. పోయిన నెల ఒకమ్మాయి దీనితో మూడు రోజులు టెన్షన్ పడింది. రన్ లిస్టు (డేటా తీసిన విడతల పట్టిక) ఒక్కో వరుసా వేలు పెట్టి చదివితే, డిటెక్టర్ ఆగిపోయి ఉన్న రెండు రన్‌ల ప్రోటాన్లు కూడా మొత్తంలో కలిసి ఉన్నాయి. వాటిని తీసేయగానే గీతలు కలిశాయి.

సమస్య: యాంటీన్యూట్రినోలు మరీ ఎక్కువ

సిమ్యులేషన్‌లో హార్న్ (కణాల్ని బీమ్ వైపు మళ్ళించే అయస్కాంత పరికరం) కరెంటు దిశ సరిచూడండి.

సమస్య: పీక్‌కి ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ

అసలు కష్టం ఇక్కడే. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ఉన్న నుమీ న్యూట్రినో బీమ్‌లో 120 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లు గ్రాఫైట్‌ టార్గెట్‌ని కొడితే పయాన్లనే కణాలు పుడతాయి, అవి విడిపోతేనే న్యూట్రినోలు వస్తాయి. సుమారు 200 కిలో ఆంపియర్ల కరెంటు పారే రెండు హార్న్‌లు వాటిని ముందుకు మళ్ళిస్తాయి. హార్న్ గానీ టార్గెట్ గానీ కొన్ని మిల్లీమీటర్లు జరిగినా పీక్ వాలు మారుతుంది. న్యూట్రినో ఢీకొన్నప్పుడు డిటెక్టర్‌లో పుట్టే మ్యూయాన్ అనే కణం శక్తిని తప్పుగా కొలిచినా అచ్చం అలాగే కనిపిస్తుంది! తేల్చుకోవాలంటే డిటెక్టర్‌ని బీమ్‌కి అడ్డంగా భాగాలు చేసి, ఒక్కో భాగానికీ గ్రాఫ్ వేయండి. తప్పు బీమ్‌దైతే భాగాన్ని బట్టి తేడా మారుతుంది, శక్తి కొలతదైతే అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. ఇదే బీమ్‌లో చేసిన మినర్వా ప్రయోగంలో ఇలాంటి తేడాయే వస్తే, చివరికి మ్యూయాన్ శక్తి స్కేల్ వైపే వేలు చూపింది.

సమస్య: తప్పు ఫ్లక్స్‌దా, క్రాస్ సెక్షన్‌దా తెలియట్లేదు

డేటాలో కనిపించేది ఫ్లక్స్, క్రాస్ సెక్షన్ (న్యూట్రినో ఢీకొనే అవకాశం) రెండూ కలిసిన లెక్క. తిరుమల కౌంటర్‌లో ఎన్ని లడ్డూలు అమ్ముడయ్యాయో చూసి భక్తులెందరో చెప్పలేం, ఒక్కొక్కరు ఎన్ని కొన్నారో తెలియదు కాబట్టి. దర్శనం అయ్యాక ఇచ్చే ఉచిత లడ్డూ మాత్రం మనిషికి ఒక్కటే, దాన్ని లెక్కపెడితే జనం లెక్క వచ్చేస్తుంది. న్యూట్రినో ఎలక్ట్రాన్‌ని ఢీకొనే ప్రక్రియ మనకి ఆ ఉచిత లడ్డూ లాంటిది. దాని క్రాస్ సెక్షన్ సిద్ధాంతం నుంచి కచ్చితంగా తెలుసు. అయితే ఇవి చాలా అరుదు. బీమ్ దిశలోనే దూసుకెళ్ళే ఒంటరి ఎలక్ట్రాన్లని ఏరాలి. మినర్వా ఇలా ఏరి ఫ్లక్స్ అనిశ్చితిని తగ్గించుకుంది. దీనికి ముందు పయాన్ల ఉత్పత్తిని కొలతలతో సరిచేశారో లేదో చూసుకోండి. జపాన్‌లోని టీ2కే న్యూట్రినో ప్రయోగం కోసం, యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో ఎన్ఏ61 ప్రయోగం 90 సెంటీమీటర్ల నమూనా టార్గెట్ పెట్టి మరీ కొలిచింది.