అమెరికాలో లైఫ్‌లైన్ రాయితీ: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు ఫోన్, ఇంటర్నెట్ కోసం దరఖాస్తు ఎలా చేయాలి?

అమెరికాలో తక్కువ ఆదాయంతో బతుకుతున్న కుటుంబాలకు ఫోన్ లేదా ఇంటర్నెట్ బిల్లులో నెలకు 9.25 డాలర్ల వరకు తగ్గించే ఫెడరల్ ప్రభుత్వ పథకం పేరు లైఫ్‌లైన్. అమెరికా ఆదివాసుల (నేటివ్ అమెరికన్ల) గిరిజన భూముల్లో నివసించేవారికి ఈ రాయితీ 34.25 డాలర్ల వరకు ఉంటుంది. 1985లో ఇంటి ల్యాండ్‌లైన్ ఫోన్ల కోసం మొదలైన ఈ పథకం 2005 తర్వాత క్రమంగా మొబైల్ ఫోన్లకు, 2016లో నిబంధనలు మారాక ఇంటర్నెట్‌కు విస్తరించింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధనలు రూపొందిస్తుంది; రోజువారీ నిర్వహణను యూనివర్సల్ సర్వీస్ అడ్మినిస్ట్రేటివ్ కంపెనీ అనే సంస్థ చూసుకుంటుంది. డబ్బు వచ్చేది యూనివర్సల్ సర్వీస్ ఫండ్ నుంచి. ఈ నిధికి టెలికాం కంపెనీలు చెల్లించే వాటా చివరికి అందరి ఫోన్ బిల్లుల్లో ఒక చిన్న రుసుముగా కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఆ రుసుము కట్టినవారు కష్టకాలంలో ఈ రాయితీ అడగడానికి సంకోచించవలసిన అవసరం లేదు.

తెలుగువారిలో ఈ పథకం అవసరమైనవారు ఉన్నారు. పిల్లల కోసం వచ్చి ఇప్పుడు వృద్ధుల అపార్ట్‌మెంట్లలో విడిగా ఉంటున్న తల్లిదండ్రులు, గ్యాస్ స్టేషన్లలోనూ మోటెళ్లలోనూ గంటల లెక్కన జీతం తీసుకునేవారు, ఉద్యోగం పోయి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మీద ఆధారపడినవారు, భర్త నుంచి విడిపోయి పిల్లలతో ఉంటున్న తల్లులు చాలాసార్లు ఇలాంటి పథకం ఉందని వినకుండానే పూర్తి బిల్లు కడుతూ ఉంటారు. అర్హత ఉన్నవారిని ఆపేది చాలావరకు కాగితాల్లోని చిన్న తేడాలే. ఒకసారి వచ్చిన రాయితీ పోయేది కూడా చాలావరకు ఆ తర్వాతి ఏమరుపాటు వల్లే. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండు విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా ఒక హెచ్చరిక. నెలకు 30 డాలర్లు ఇచ్చిన అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ వేరే పథకం. సుమారు 2 కోట్ల 30 లక్షల కుటుంబాలకు ఉపయోగపడిన ఆ పథకం నిధులు అయిపోవడంతో 2024 జూన్ 1న ముగిసింది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు చెప్పి నమోదు చేస్తామంటే నమ్మవద్దు. లైఫ్‌లైన్ మాత్రం కొనసాగుతోంది. దానికి డబ్బు సమకూర్చే విధానం చెల్లుతుందని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది.

మొదటి మెట్టు: అర్హత చూసుకోవడం

అర్హతకు రెండు దారులు ఉన్నాయి. మీరు గానీ మీ కుటుంబంలో ఎవరైనా గానీ స్నాప్ (ఫుడ్ స్టాంపులు), మెడికెయిడ్, సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ (పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే నెలసరి సహాయం), ఫెడరల్ పబ్లిక్ హౌసింగ్ సహాయం, మాజీ సైనికుల పెన్షన్ లేదా వారి కుటుంబాలకు ఇచ్చే పెన్షన్, వీటిలో ఏ ఒక్కటి పొందుతున్నా చాలు. మెడికేర్‌నూ మెడికెయిడ్‌నూ చాలామంది ఒకటిగా పొరబడతారు. 65 ఏళ్లు దాటినవారికి వచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఒక్కటే ఉంటే అది ఈ లెక్కలోకి రాదు.

రెండో దారి ఆదాయం. కుటుంబంలో అందరి మొత్తం ఆదాయం, పన్ను కోయకముందు, ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 135 శాతానికి మించకూడదు. 2025 ప్రమాణం ప్రకారం అలాస్కా, హవాయి మినహా మిగిలిన రాష్ట్రాల్లో ఏడాదికి ఆ పరిమితి ఒక్కరికి సుమారు 21,128 డాలర్లు, ఇద్దరికి 28,553, నలుగురికి 43,403. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే సంవత్సరపు పట్టిక చూసుకోవాలి. రెండు దారులూ తెరిచి ఉన్నవారు మొదటిదాన్నే ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ప్రభుత్వ పథకంలో ఉన్నట్టు చాలాసార్లు కంప్యూటరే నేరుగా సరిచూసుకుంటుంది, ఆదాయానికైతే కాగితాలు చూపించక తప్పదు.

వీసా మీద ఉన్నవారూ, ఇంకా పౌరసత్వం రానివారూ దరఖాస్తు పెట్టే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక్కసారి అడగాలి. ప్రభుత్వ సహాయాన్ని ఇమిగ్రేషన్ అధికారులు ఎలా లెక్కిస్తారన్న నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. స్నేహితుల మాట మీద నిర్ణయం తీసుకునే విషయం కాదిది.

రెండో మెట్టు: కుటుంబం అంటే ఎవరో తేల్చుకోవడం

ఒక కుటుంబానికి ఒక్క రాయితీయే. ఇక్కడ కుటుంబం అంటే ఒకే చిరునామాలో ఉంటూ ఆదాయాన్నీ ఖర్చులనూ కలిపి నడుపుకునేవారు. మన ఇళ్లలో తికమక ఇక్కడే మొదలవుతుంది. కొడుకు ఇంట్లో ఉంటూ అతని జీతం మీదే గడుపుతున్న తల్లిదండ్రులు తమకు సొంత ఆదాయం లేదని ఆదాయం దారిలో దరఖాస్తు పెట్టకూడదు. ఆ ఇంట్లో కొడుకు జీతం కూడా కలుస్తుంది. అదే తల్లికి తన పేరు మీద మెడికెయిడ్ ఉంటే మొదటి దారిలో అర్హత ఉంటుంది. అయితే ఆ ఇంటి మొత్తానికి అదొక్కటే రాయితీ. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటే ఇద్దరూ ఒకే కుటుంబం కిందికి వస్తారు, చెరొకటి అడగడానికి లేదు.

ఇందుకు భిన్నంగా, ఒకే భవనంలోనో ఒకే అపార్ట్‌మెంట్‌లోనో ఉంటూ ఎవరి సంపాదన వారిదిగా, ఎవరి ఖర్చు వారిదిగా గడుపుకునేవారు వేర్వేరు కుటుంబాలే. అదే చిరునామాలో ఇంకొకరికి అప్పటికే లైఫ్‌లైన్ ఉంటే హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్ అనే కొన్ని ప్రశ్నల పత్రం నింపమంటారు. దాన్ని నిజాయితీగా నింపాలి. అబద్ధమైతే శిక్షకు లోబడతానని దరఖాస్తులో సంతకం చేస్తాం. రాయితీ రద్దు కావడమే కాక చట్టపరమైన చర్యలు కూడా ఉండవచ్చు.

మూడో మెట్టు: కాగితాలు, పేర్లు సరిచూసుకోవడం

దరఖాస్తులో పూర్తి పేరు, పుట్టినతేదీ, ఇంటి చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు అడుగుతారు. ఆ నంబరు లేనివారికి పాస్‌పోర్టు వంటి మరో గుర్తింపు పత్రంతో దరఖాస్తు పెట్టే వీలుంది. నేషనల్ వెరిఫయర్ అనే వ్యవస్థ ఈ వివరాలను ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూస్తుంది. అన్నీ కలిస్తే ఆన్‌లైన్‌లో నిమిషాల్లోనే ఆమోదం రావచ్చు. ఒక్క అక్షరం కలవకపోయినా రుజువులు పంపమనవచ్చు.

మన పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడ చాలా పెద్దది. ఇంటిపేరు ముందు రాయడం మన పద్ధతి, వెనక రాయడం ఇక్కడి పద్ధతి. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే తర్వాతి కాగితాలకూ పాకుతుంది. ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, మరోదాంట్లో భర్త ఇంటిపేరు ఉండటం మామూలే. కాబట్టి దరఖాస్తు తెరవడానికి ముందే సోషల్ సెక్యూరిటీ కార్డు, మెడికెయిడ్ లేదా స్నాప్ ఉత్తరం, గుర్తింపు కార్డు పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే దరఖాస్తులో మాత్రం సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టే రాయండి. వీలైతే ముందు సంబంధిత కార్యాలయంలో మిగిలిన కాగితాన్ని సరిచేయించుకోండి. పుట్టినతేదీలో ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్లలో అసలు పుట్టినరోజు ఒకటి, పాస్‌పోర్టులోది మరొకటి ఉండటం సాధారణం. ఇక్కడ పనికొచ్చేది కాగితాల మీద ఉన్న తేదీ మాత్రమే.

పథకం దారిలో వచ్చేవారికి రుజువుగా పేరు, పథకం పేరు, ఇచ్చిన సంస్థ, తేదీ కనిపించే ఉత్తరం కావాలి. అది గత 12 నెలల్లో జారీ అయినదై ఉండాలి. ఆదాయం దారిలో నిరుటి పన్ను రిటర్న్, వరసగా 3 నెలల పే స్టబ్‌లు (జీతం చీటీలు), సోషల్ సెక్యూరిటీ ప్రయోజనాల పత్రం వంటివి పనికొస్తాయి. ఫోటో తీసేటప్పుడు కాగితం నాలుగు మూలలూ కనిపించేలా, అక్షరాలు స్పష్టంగా ఉండేలా చూడండి.

నాలుగో మెట్టు: దరఖాస్తు పెట్టడం

లైఫ్‌లైన్‌సపోర్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో నేరుగా దరఖాస్తు పెట్టవచ్చు, లేదా అక్కడి ఫారం ముద్రించి టపాలో పంపవచ్చు. సందేహాలకు 800-234-9473 నంబరు ఉంది. కొన్ని రాష్ట్రాల్లో దరఖాస్తు పద్ధతి వేరుగా ఉంటుంది. మీ రాష్ట్రాన్ని ఎంచుకోగానే ఎక్కడికి వెళ్లాలో వెబ్‌సైటే చెబుతుంది. దరఖాస్తుకు రుసుము ఏదీ లేదు.

దుకాణాల ముందు గుడారాలు వేసి ఉచిత ఫోన్లు అంటూ పిలిచేవారి చేతికి వెంటనే సోషల్ సెక్యూరిటీ వివరాలు ఇవ్వవద్దని నా సలహా. వారిలో నిజమైన కంపెనీల ప్రతినిధులూ ఉంటారు. అయినా ముందు ఇంట్లో కూర్చుని స్వయంగా అర్హత నిర్ధారించుకుని, ఆ తర్వాత కంపెనీ దగ్గరికి వెళ్తే ఏ ప్లాన్‌కు ఒప్పుకుంటున్నామో తెలిసి ఒప్పుకున్నట్టవుతుంది. ఇంగ్లీషు రానివారికి పిల్లలో పొరుగువారో ఫారం నింపి పెట్టవచ్చు, కానీ ప్రతి హామీ వాక్యాన్నీ వారికి తెలుగులో చదివి వినిపించాకే సంతకం చేయించాలి.

రుజువులు అడిగితే 45 రోజుల్లోగా పంపాలి. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఐదో మెట్టు: కంపెనీని ఎంచుకోవడం

ఆమోదం వచ్చిన 90 రోజుల్లోగా లైఫ్‌లైన్ అందించే కంపెనీలో చేరాలి. ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. ఆమోదం దానంతటదే బిల్లు తగ్గించదు. అదే వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ ఇస్తే దగ్గరలోని కంపెనీల జాబితా వస్తుంది.

రాయితీని మొబైల్‌కు వాడాలా, ఇంటి ఇంటర్నెట్‌కు వాడాలా అన్నది ఇక్కడ నిర్ణయించుకోవాలి, రెండింటికీ విడివిడిగా రాదు. డేటా ఇచ్చే మొబైల్ ప్లాన్‌కు నిబంధనల ప్రకారం కనీసం 4.5 జీబీ ఉండాలి, కాల్స్ ప్లాన్‌కు కనీసం 1000 నిమిషాలు. కొన్ని కంపెనీలు ఈ రాయితీతోనే నెలవారీ బిల్లు లేకుండా సేవ ఇస్తాయి. ఫోన్ ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. ఇస్తే అది ఆ కంపెనీ ఇష్టం. ఇండియాకు వీడియో కాల్స్ ఎక్కువగా మాట్లాడేవారికి 4.5 జీబీ త్వరగా అయిపోతుంది, కాబట్టి ఇంట్లో వైఫై లేనివారు ఇంటి ఇంటర్నెట్ వైపు మొగ్గడమే మేలని నా అభిప్రాయం. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్నవారు ఇంకో విషయం చూడాలి: 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టం ప్రకారం అర్హులైన కుటుంబాలకు ఇంటర్నెట్ కంపెనీలు నెలకు 15 లేదా 20 డాలర్ల ప్లాన్ అందించాలి.

ఆరో మెట్టు: వచ్చిన రాయితీ పోకుండా చూసుకోవడం

నెలవారీ బిల్లు లేని సేవను 30 రోజులు వరసగా వాడకపోతే కంపెనీ నోటీసు పంపుతుంది. ఆ తర్వాత 15 రోజుల్లో కూడా వాడకపోతే కనెక్షన్ తీసేస్తుంది. ఫోన్‌ను రోజంతా వాడుతూ కూడా దీనికి బలయ్యే పెద్దవాళ్లు ఉంటారు. ఇంటి వైఫై మీద వాట్సాప్‌లో మాట్లాడిన మాటలు కంపెనీ కనెక్షన్ వాడినట్టు లెక్కకు రాకపోవచ్చు. అందుకని వారానికొకసారైనా వైఫై ఆపి మామూలు కాల్ చేయడమో, ఒక మెసేజ్ పంపడమో అలవాటు చేయండి.

ఏడాదికొకసారి అర్హతను తిరిగి ధృవీకరిస్తారు. రికార్డుల్లో దొరకనివారికి ఉత్తరం వస్తుంది. 60 రోజుల్లోగా జవాబివ్వాలి. అది ప్రకటనల కాగితాల మధ్య కలిసిపోకుండా, ఇంగ్లీషు చదవగలిగినవారు ఇంట్లో పెద్దవాళ్ల టపా క్రమం తప్పకుండా చూడాలి. చిరునామా మారినా, మంచి ఉద్యోగం దొరికి అర్హత పోయినా 30 రోజుల్లోగా కంపెనీకి తెలపాలి. సేవ నచ్చకపోతే కంపెనీ మారవచ్చు. కంపెనీ సమస్య పరిష్కరించకపోతే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు 888-225-5322 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

గృహహింస నుంచి బయటపడుతున్నవారికి 2022 నాటి సేఫ్ కనెక్షన్స్ చట్టం మరో దారి చూపింది. హింసించిన వ్యక్తితో కలిసి ఉన్న ఫోన్ ప్లాన్ నుంచి తమ లైన్‌ను వేరు చేయమని వారు కోరవచ్చు; ఆర్థిక ఇబ్బందిలో ఉంటే 6 నెలల వరకు అత్యవసర లైఫ్‌లైన్ సహాయం దొరుకుతుంది. ఇక్కడ దగ్గరివారెవరూ లేని స్త్రీకి తన పేరు మీద ఒక ఫోన్ ఉండటం ఎంత అవసరమో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇలాంటి స్థితిలో ఉన్నవారికి ఈ సమాచారం చేర్చేటప్పుడు కుటుంబమంతా చూసే ఫోన్‌కు మెసేజ్ పంపకండి, ఒంటరిగా ఉన్నప్పుడు నోటిమాటగా చెప్పండి.

ఇక ఇండియాకు నెలల తరబడి వెళ్లే పెద్దవాళ్ల సంగతి. 45 రోజులు దాటే ప్రయాణమైతే ఉచిత కనెక్షన్ దాదాపు తప్పకుండా పోతుంది, ఆ మధ్యలో ధృవీకరణ ఉత్తరం వస్తే గడువు కూడా దాటిపోతుంది. బయల్దేరే ముందే కంపెనీకి ఫోన్ చేసి నంబరు ఏమవుతుందో అడగండి, ఆ నంబరుకు పాస్‌వర్డ్ సందేశాలు పంపే బ్యాంకుల్లో వేరే నంబరు పెట్టించుకోండి, తిరిగి వచ్చాక అర్హత అలాగే ఉంటే మళ్లీ దరఖాస్తు పెట్టండి.