మత్తు మందు ఎక్కకముందే రోగి తల సర్దుకోండి

మత్తులో ఉన్న రోగి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం కష్టమైతే చాలాసార్లు తప్పు లారింగోస్కోప్‌ది (గొంతులోకి చూసే పరికరం) కాదు, దిండుది. అందుకే ఇండక్షన్‌కు (మత్తు ఇవ్వడం మొదలుపెట్టడానికి) ముందే ఇవి చూసుకోండి.

ముందు మెడ సంగతి. మెడకు దెబ్బ తగిలిందా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాపు జబ్బు) ఉందా, డౌన్ సిండ్రోమా? వీటిలో ఏదున్నా తల వెనక్కి వంచొద్దు. గాయం అనుమానముంటే కాలర్ (మెడకు వేసిన పట్టీ) ముందు భాగం తీసి, ఒకరు రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి.

మెడ బాగుంటే తల కింద 7 నుంచి 10 సెం.మీ. ఎత్తు గట్టి దిండు పెట్టండి. తల కిందే, భుజాల కింద కాదు. మెడ ముందుకు వంగి, ముఖం కాస్త వెనక్కి లేవాలి. పక్క నుంచి వంగి చూడండి: చెవి రంధ్రం, ఛాతీ ఎముక పైగుంట ఒకే అడ్డగీత మీద ఉన్నాయా? లేకపోతే ఇంకో మడత దుప్పటి వేయండి. ఈ ఒక్క చూపు చాలా టెన్షన్ తప్పిస్తుంది.

బరువు ఎక్కువున్నవారికి దిండు ఒక్కటే చాలదు. భుజాలు, వీపు పైభాగం కింద కూడా దుప్పట్లు ఏటవాలుగా పేర్చాలి. స్పృహలో ఉండగానే చేయండి. కండరాలు సడలాక అంత బరువు ఎత్తడం నలుగురి పని.

పసిపిల్లలకు తల వెనక భాగమే పెద్దది, దిండు అక్కర్లేదు. భుజాల కింద పల్చటి గుడ్డ మడత సరిపోతుంది.

కదిలే పళ్లు, కట్టుడు పళ్లు చూశారా? బల్ల ఎత్తు మీకు సరిపోయిందా?