చిన్న జాతి కుక్కను వెంటబెట్టుకుని ఒక రోజు ప్రయాణం చేయడం ఎలా?

పొమేరియన్, పగ్, షిట్జూ వంటి చిన్న కుక్కను తీసుకుని హైదరాబాదు నుంచి అనంతగిరి కొండలకు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవారు అన్నిటికంటే ముందు వేళలను తేల్చుకోవాలి. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని ఒంటి వేడి దిగడానికి ప్రధానమైన మార్గం. చిన్న కుక్క పొట్ట నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, మన ముఖానికి చల్లగాలి తగులుతున్నప్పుడు కూడా దానికి రోడ్డు సెగ కొడుతూనే ఉంటుంది. ముక్కు పొట్టిగా ఉండే పగ్, షిట్జూలకు ఊపిరి ఆడే దారి కూడా ఇరుకు కావడంతో అవి మరింత త్వరగా అలసిపోతాయి. అందుకే ఇటువంటి ప్రయాణాలను నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే పెట్టుకోవాలనీ, ఎండాకాలంలో ఆ ఆలోచనే మానుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

అనంతగిరి హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరం. ఉదయం ఆరింటికల్లా బయలుదేరితే పదిన్నర లోపు ఒక నడక పూర్తవుతుంది. ఆ తరువాత నాలుగింటి వరకు నీడపట్టున విశ్రాంతి తీసుకుని, ఎండ తగ్గాక మరికొంతసేపు నడిపించి వెనుదిరగవచ్చు. ఎప్పుడూ ఇల్లు కదలని కుక్కను నేరుగా కొండలకు తీసుకెళ్లకుండా, కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో ప్రారంభించిన కుక్కల పార్కు వంటి దగ్గరి చోటుకు ఒకటి రెండుసార్లు తిప్పితే, దానికి కారూ కొత్త మనుషులూ అలవాటవుతారు.

రేబిస్ టీకాతో పాటు ఏటా వేయించవలసిన మిగతా టీకాల గడువు చూసుకుని, టీకాల పుస్తకాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. కారులో వాంతి కాకుండా ఉండాలంటే బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. ఐదు కిలోల కుక్క మామూలు రోజున దాదాపు పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్ల వరకు నీళ్లు తాగుతుంది. ప్రయాణంలో అంతకు రెట్టింపు నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. దారిలో కనిపించే గుంటల నీళ్లు తాగనిస్తే లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు రావచ్చు. మెడకు వేసే బెల్టు కంటే ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ మేలు, ఎందుకంటే చిన్న జాతుల్లో, ముఖ్యంగా పొమేరియన్లలో, శ్వాసనాళం సున్నితంగా ఉంటుంది, మెడ పట్టి లాగితే దగ్గు మొదలవుతుంది.

కారులో కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఎంత ముద్దుగా ఉన్నా ప్రమాదమే. గాలి ఆడే బుట్టలో గానీ, సీటు బెల్టుకు తగిలించిన హార్నెస్‌తో గానీ వెనుక సీట్లో ఉంచాలి. అద్దాలు మూసిన కారులో దానిని ఒంటరిగా వదలడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. బయట 24 డిగ్రీలే ఉన్నా, ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు 34 డిగ్రీలకు చేరుతుంది. అనంతగిరిలోని అనంత పద్మనాభస్వామి గుడికి దర్శనానికి వెళ్లేటప్పుడు కుక్క దగ్గర ఒకరు ఉండి, వంతులవారీగా వెళ్లి రావాలి. అక్కడ కోతులు ఎక్కువ కాబట్టి అరటిపండు, ప్రసాదం వంటివి చేతిలో పట్టుకుని కుక్కతో నడవవద్దు. వీధికుక్కలు గానీ కోతులు గానీ దగ్గరికి వస్తే గొలుసు లాగి గుంజుకోకుండా, దానిని నెమ్మదిగా ఎత్తుకుని పక్కకు జరగాలి.

నడిపించే ముందు అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. చేయి తీసేయాలనిపిస్తే ఆ నేల దాని పాదాలకూ కాలుతుంది. నడకలో కుక్క నాలుకను గమనిస్తూ ఉండాలి: నాలుక చివర వెడల్పై పైకి వంకర తిరగడం, చొంగ చిక్కగా తీగలా సాగడం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం కనిపిస్తే అక్కడితో నడక ఆపేయాలి. నీడలోకి చేర్చి పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు మామూలు చల్లని నీళ్లతో తడుపుతూ గాలి తగిలేలా విసరాలి, ఐసు నీళ్లు పోయకూడదు. తూలుతున్నా, వాంతులవుతున్నా తడుపుతూనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ ప్రాంతపు పశువుల ఆసుపత్రి నెంబరును ముందు రోజే కనుక్కుని ఉంచుకోవడం అందుకే.

తిండి విషయంలో పిల్లలకు గట్టిగా చెప్పాలి. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కలకు విషంతో సమానం. పులిహోరలోనో పలావులోనో మిగిలినది జాలితో పెట్టకుండా, ఇంట్లో రోజూ తినేదే ఒక డబ్బాలో తీసుకెళ్లాలి.

ఇంటికి చేరగానే దువ్వెనతో వెంట్రుకలు విడదీసి, చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకాలి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా పైకి లాగాలి, వేళ్లతో నలపకూడదు. పిడుదుల ద్వారా వచ్చే జ్వరం వెంటనే బయటపడదు. ఒకటి నుంచి మూడు వారాల్లో కుక్క నీరసించినా, తిండి మానినా, ముక్కు నుంచి రక్తం కారినా, ఎక్కడెక్కడ తిరిగారో చెప్పి వైద్యునితో రక్తపరీక్ష చేయించాలి.