స్టాక్‌ఫిష్‌లో 2500 పెడితే గ్రాండ్‌మాస్టర్ అవుతుందా? సాధనకు సెట్ చేసుకునే పద్ధతి

ఫోన్‌లో చదరంగం ఆడే ప్రోగ్రామ్ (ఇంజిన్) స్టాక్‌ఫిష్‌ను 2500 దగ్గర పెట్టి ఒక ఆట గెలిస్తే, గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించామని పిల్లలు మురిసిపోతారు. ఆ అంకె అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ కాదు. 120 సెకన్లకు ఎత్తుకో సెకను కలిపే ఆటలు పెట్టి, ఇంజిన్ల రేటింగ్ పట్టికకు సరిపోయేలా కుదిర్చిన అంకె అది. గుంటూరు హరికృష్ణకు 2001లో, బెజవాడ హంపికి 2002లో వచ్చిన గ్రాండ్‌మాస్టర్ హోదా దారి వేరు: నార్ములన్నీ (హోదాకు లెక్కకొచ్చే పోటీ ఫలితాలు) కలిపి కనీసం 27 ఆటలు, నార్ము వచ్చిన పోటీలో 2600 స్థాయి ఆట, పైగా 2500 రేటింగ్ అందుకోవాలి. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించిన కంప్యూటర్ డీప్ బ్లూ బలం ఎవరూ కాదనరు. అయినా ఆ బిరుదు, గంటల తరబడి కూర్చుని అలసిపోయే మనిషికే చెందాలి.

సెట్టింగ్‌కు వద్దాం. ముందు 'లిమిట్ స్ట్రెంత్' దగ్గర టిక్ పెట్టండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అది పెట్టకుండా ఎలో (ఆట బలాన్ని చూపే రేటింగ్) అంకె ఎంత మార్చినా ఇంజిన్ పూర్తి బలంతోనే ఆడుతుంది. ఎలో 1320 నుంచి 3190 దాకా ఉంటుంది. మీ రేటింగ్ అంకెతోనే మొదలుపెట్టండి. టిక్ ఉన్నంతసేపు 'స్కిల్ లెవెల్' పనిచేయదు, దాన్ని కదపక్కర్లేదు. థ్రెడ్ (ఒకేసారి నడిచే లెక్కల వరుసలు) 1, హ్యాష్ (ఇంజిన్ వాడుకునే మెమరీ) 128 ఎంబీ చాలు. పాండర్ ఆపేయండి, లేదంటే మీ సమయంలోనూ అది ఆలోచిస్తుంది.

15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు చొప్పున పది ఆటలు ఆడండి. బల్ల మీద అసలు బోర్డు పెట్టుకుని, ఎత్తులు కాగితంపై రాసుకుంటూ ఆడాలి. 4 నుంచి 6 పాయింట్లు వస్తే జోడీ కుదిరినట్టే. 7 దాటితే ఎలో 100 పెంచండి, 3 లోపైతే 100 తగ్గించండి. ఎలో లెక్కలో 200 తేడా ఉంటే పైవాడికి పదికి ఏడున్నర రావాలి. పది ఆటలతో 50 తేడాను మాత్రం నమ్మకండి.

ఒక సంగతి గమనించండి. బలం తగ్గించిన ఇంజిన్ ఆడదగ్గ ఎత్తులు కనీసం నాలుగింటిని లెక్కగట్టి, అప్పుడప్పుడూ వాటిలో కావాలనే తక్కువదాన్ని ఏరుకుంటుంది. అందుకే ఇరవై ఎత్తులు తిరుగులేకుండా ఆడి, ఉన్నట్టుండి శకటును ఊరికే వదిలేస్తుంది. 1600 మనిషి అలా వదలడు. మీ గుర్రం బెదిరింపు చూడక పోగొట్టుకుంటాడు. ఆ మరుపును వాడుకోవడం మనుషులతో ఆడితేనే వస్తుంది. అందుకే వారంలో సగం ఆటలైనా మనుషులతోనే ఆడాలి.

ఆట అయ్యాక, మీకు అనుమానం వచ్చిన ఎత్తుల పక్కన ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ తర్వాతే ఇంజిన్‌ను అడగండి. అడిగే ముందు లిమిట్ స్ట్రెంత్ టిక్ తీసేయడం మరిచిపోతే, మీ ఆటను దిద్దేది కూడా ఆ బలం తగ్గిన ఇంజినే.