బీటు కట్టడం, ఆరో పాఠం: తకిట దగ్గర పడిన తప్పు

గత పాఠంలో, బీటు కట్టే సాఫ్ట్‌వేర్ తెర మీది పదహారు గళ్లలో ఐదు దెబ్బలు వేసి పంపమన్నాను. వచ్చినవాటిలో దెబ్బల సంఖ్య సరిపోయింది గాని నడక కుంటుతోంది. కనుక బేస్ (మంద్ర స్వరాల) సంగతి వాయిదా వేస్తున్నాను.

లెక్క మళ్లీ చెబుతాను: తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. మొత్తం పదహారు అక్షరాలు, గడికొకటి, ప్రతి మాట మొదటి అక్షరం మీద దెబ్బ, అంటే 1, 4, 7, 11, 13 గళ్లు. తకిట అనగానే చాలామంది తిశ్రగతి (మూడేసి అక్షరాల నడక) అనుకుని నాలుగు అక్షరాల చోట మూడింటిని సాగదీశారు. ఇక్కడ గతి మారదు. తకధిమిలోని ‘త’కు ఎంత కాలమో తకిటలోని ‘త’కూ అంతే కాలం, ఒకటి పొట్టి మాట, ఒకటి పొడుగు మాట, అంతకు మించి తేడా లేదు. నాలుగు అక్షరాలకొక అడుగు వేస్తూ పలికి చూడండి: మొదటి దెబ్బ, చివరి దెబ్బ మాత్రమే అడుగుతో కలుస్తాయి, రెండోది అడుగుకు ఒక్క అక్షరం ముందు పడుతుంది, మూడోదీ నాలుగోదీ సరిగ్గా రెండడుగుల నడుమ పడతాయి. ట్రిప్లెట్ (నాలుగింటి చోట మూడు సర్దే) మీట జోలికి దయచేసి పోవద్దు.

నోటితో ముందు పలకమనడానికి కారణం డీజే అరాఫాత్ అనే గాయకుడు. అసలు పేరు ఆంజ్ దిదియే హువోన్, 1986లో పశ్చిమ ఆఫ్రికా దేశం ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో పుట్టాడు, తండ్రి సౌండ్ ఇంజనీరు, తల్లి గాయని. ఆ ఊళ్లోని యోపుగోన్ పేటలో ర్యూ ప్రిన్సెస్ అనే వీధి క్లబ్బుల్లో అతడు డీజేగా మొదలయ్యాడు. అక్కడ డీజే అంటే రికార్డులు మార్చేవాడు మాత్రమే కాదు, మోగుతున్న పాట మీద మైకు పట్టి కేకలు వేసేవాడు, నోట్లు చల్లే షోకిళ్ల పేర్లను పొగిడేవాడు కూడా. కాంగో బ్యాండ్లలో ఈ పని చేసేవాణ్ణి అటలాకు అంటారు. పారిస్‌లోని ఐవరీ కోస్ట్ యువకులు, ముఖ్యంగా గాయకుడు దూక్ సాగా బృందం, లేపిన కూపే-డెకాలే అనే నృత్య సంగీతపు ఊపులో, చనిపోయిన తోటి డీజేకు నివాళిగా చేసిన పాటతో 2003లో అరాఫాత్‌కు పేరొచ్చింది. 2019 ఆగస్టు 12న మోటారుసైకిలు ప్రమాదంలో 33 ఏళ్లకే పోయేనాటికి అతడు ఆ సంగీతానికే ముఖచిత్రం. మైకు అప్పటికే చేతిలో ఉన్న డీజే గాయకుడు కావడం నాకు వింతగా తోచదు; మనమూ అందుకే నోటితో మొదలుపెడదాం.

మన వరుసలో కేకకు చోటు ఎక్కడ? రెండు తకధిమిల్లో, దెబ్బ పడ్డాక మిగిలే మూడేసి అక్షరాల ఖాళీలో. దెబ్బ మీదే పేరు పిలిస్తే రెండూ వినబడవు. నేనైతే మౌస్‌తో గళ్లు నింపను. బల్ల మీద వేలితో వాయించి, తరువాతే ఎక్కిస్తాను.

అభ్యాసం: నిమిషానికి 130 అడుగుల వేగంలో, కాలు ఆపకుండా, పది నిమిషాలు వరుస పలకండి. ప్రతి రెండో ఆవృత్తంలో (వరుస ఒకసారి పూర్తయితే ఒక ఆవృత్తం) చివరి తకధిమిని పలకడం మాని, దాని దెబ్బను చేత్తో వేసి, మిగిలిన మూడక్షరాల్లో ఇంట్లోవాళ్ల పేరొకటి పిలవండి. ఒక్కసారి తప్పినా మొదటి నిమిషం నుంచి మళ్లీ.