గ్రూప్ రైడ్‌లో ముందు బండిని అందుకోవాలని చూడకండి
వైజాగ్ నుంచి అరకు గ్రూప్‌గా వెళ్లేవాళ్లు ఎస్.కోటలో టీకి ఆగినప్పుడే నెక్స్ట్ ఎక్కడ కలవాలో ఫిక్స్ చేస్కోండి, అనంతగిరి అంటే అనంతగిరి, అప్పుడు వెనకబడినోళ్లకి కంగారుండదు, ఘాట్‌లో అసలు డేంజర్ ఆ కంగారే, ముందు బండి మలుపులో మాయమవగానే చెయ్యి దానంతటదే థ్రాటిల్ తిప్పేస్తది. కొత్తవాళ్లని చివర్లో వదిలేయకండి ప్లీజ్, లీడ్ బండి వెనకాలే పెట్టండి. స్ట్రెయిట్ రోడ్డులో అటొకరు ఇటొకరు ఓకే గానీ మలుపుల్లో ఒకరి వెనక ఒకరే, కనీసం 2 సెకన్ల గ్యాప్. దిగేటప్పుడు గేర్ తగ్గించి ఇంజిన్ బ్రేకింగ్ వాడండి, అంటే థ్రాటిల్ వదిలేస్తే ఇంజినే బండిని స్లో చేస్తది, బ్రేక్ అదేపనిగా నొక్కితే వేడెక్కి పట్టు తగ్గిపోద్ది. ఎదురొచ్చే బస్సు మలుపు తిరగాలంటే మన సైడ్‌కి వచ్చేస్తది, మధ్య గీతకి దూరంగా ఉండండి. స్పీడ్ ఎక్కువనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పేయండి.